జర్మనీలో తెలుగు కాపురం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత కొన్ని నెలలుగా ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో చాలా వరకు జర్మనీ నుండి, ముఖ్యంగా స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఊళ్ళ నుండి వచ్చినవే. కార్ల పరిశ్రమలోనూ, దానికి సాఫ్ట్‌వేర్ అందించే కంపెనీలలోనూ ఉద్యోగాలు దొరికి అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలవి. ఉద్యోగం గురించి ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగింది పొరుగువారి గురించి, బడి గురించి, ఇంట్లో మిగిలిపోయిన మనిషి గురించి. నేను 2008లో చంటిబిడ్డతో స్టుట్‌గార్ట్‌లో కాపురం మొదలుపెట్టినదాన్ని కనుక, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము బోబ్లింగెన్‌లో మూడంతస్తుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. వచ్చి ఎనిమిది నెలలైంది. పోయిన ఆదివారం పొద్దున ఇడ్లీలోకి పచ్చడి మిక్సీలో వేసి, తరువాత వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లంతా శుభ్రం చేశాను. మధ్యాహ్నానికి తలుపు సందులోంచి ఒక చీటీ వచ్చింది. ఫోనులో అనువాదం చేసుకుంటే, ఆదివారం చప్పుడు చేయవద్దని ఉంది. అంతకు ముందు వారం ఎవరో మా తలుపు పిడికి ఒక చిన్న పలక తగిలించి వెళ్ళారు. అదేమిటో తెలియక తీసి మెట్ల మీద పెట్టేశాను. మేము భారతీయులమని మా మీద కక్ష కట్టారేమో అనిపిస్తోంది. మా వారు పట్టించుకోవద్దంటారు. నాకు మాత్రం మెట్లు దిగాలంటేనే భయంగా ఉంది. – ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందుగా ఆ పలక సంగతి చెబుతాను, ఎందుకంటే మీ భయానికి సగం కారణం అదే అనుకుంటున్నాను. స్టుట్‌గార్ట్ ఉన్న స్వాబియా ప్రాంతంలో కేర్‌వోహె అనే పద్ధతి ఉంది. ఆ మాటకు 'ఊడ్చే వారం' అని అర్థం. ఒకే ఇంట్లో ఉండే కుటుంబాలు వారానికి ఒకరు చొప్పున మెట్లు, నడవా శుభ్రం చేయాలి. కొన్ని ఇళ్ళలో వాకిలి, ఇంటి ముందు కాలిబాట, నేలమాళిగ కూడా వంతులవారీగా ఊడ్వాలి. చలికాలంలో మంచు తీయడం కూడా చాలా చోట్ల ఈ వంతులోనే కలుస్తుంది. ఎవరి వంతు వస్తే వారి తలుపుకు పలక తగిలిస్తారు. వారం పూర్తయ్యాక దానిని తీసి పక్క తలుపుకు తగిలించవలసిన బాధ్యత వారిదే. అంటే ఆ పలక మీకు హెచ్చరికగా రాలేదు. మిమ్మల్ని ఆ ఇంటి మనుషులలో ఒకరిగా లెక్కవేసుకున్నారు కనుకనే వచ్చింది. మీరు దానిని మెట్ల మీద పెట్టడంతో, వంతు చేయబోమని మీరు చెప్పినట్టుగా వారికి అర్థమై ఉంటుంది. మీ అద్దె ఒప్పందంతో పాటు హౌస్‌ఓర్డ్‌నుంగ్ అనే కాగితం ఒకటి ఇచ్చి ఉంటారు. ఇంటి నియమాలన్నీ అందులోనే ఉంటాయి. ఈ వారాంతంలో మీ వారి పక్కన కూర్చుని ఆ కాగితాన్ని మొదటి నుండి చివరి వరకు ఇద్దరూ చదవండి.

ఇక ఆదివారం సంగతి. అక్కడ ఆదివారం నాడు, పండుగ నాడు నిశ్శబ్దం పాటించాలనేది చట్టం నుండి వచ్చిన నియమం. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి. రైల్వే స్టేషన్లలోనివి, పెట్రోలు బంకులు, పొద్దున కాసేపు తెరిచే బేకరీలు వంటి కొన్ని మాత్రమే మినహాయింపు. గోడకు మేకు కొట్టడం, డ్రిల్లు తిప్పడం చేయకూడదు. ఖాళీ గాజు సీసాలను వీధి చివరి డబ్బాలో వేసినా చప్పుడవుతుందని ఆ రోజు వేయనివ్వరు. మామూలు రోజుల్లోనూ రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 వరకు ఇదే మర్యాద పాటించాలి. మిక్సీ ఒక నిమిషం తిప్పినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. అయితే పాత ఇళ్ళలో నేల చెక్కతో వేసినదైతే, గట్టు మీది మిక్సీ అదురు కింది ఇంటి పైకప్పు అంతటా పాకుతుంది. మడిచిన తువ్వాలు మీద మిక్సీ పెట్టి తిప్పండి. వాక్యూమ్ పని శనివారమే ముగించుకోండి. చీటీ రాసి పెట్టడం ఆ దేశంలో ఇరుగుపొరుగు మధ్య ఉన్న అలవాటే. జర్మన్లు జర్మన్లకు కూడా అలాగే రాస్తారు. మనకు ముఖం చూసి చెప్పకపోవడం అవమానంగా తోస్తుంది. వారికి ముఖం మీద చెప్పడమే మొరటుగా తోస్తుంది.

వివక్ష లేనే లేదని నేను అనను. అద్దె ఇల్లు వెతికేటప్పుడు పేరు చూసి జవాబివ్వని వారు ఉంటారు, దారిన పోతూ నోరు జారేవారూ ఉంటారు. జాతిని ఎత్తి తిట్టినా, బెదిరించినా మీరు ఓర్చుకోవలసిన పని లేదు. అటువంటి వాటిపై పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. అద్దె ఇల్లు, ఉద్యోగం వంటి వాటిలో వివక్షపై 2006 నుండి సమాన ఆదరణ చట్టం ఉంది, సలహా చెప్పే ప్రభుత్వ విభాగమూ ఉంది. కానీ మీ ఉత్తరంలో నాకు కనిపించినవి ఒక పలక, ఒక చీటీ మాత్రమే. ఆ రెండింటికీ జవాబు మీ చేతిలోనే ఉంది.

మా మొదటి ఇంట్లో కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. మా కుక్కర్ కూత వినిపించిన ప్రతిసారీ ఆవిడ కంగారుగా పైకి వచ్చి గంట కొట్టేవారు. నా మీద కోపంతో వస్తున్నారనే అనుకుని, నెల రోజులు కుక్కర్ అటక మీద పెట్టి పప్పు గిన్నెలో ఉడికించాను. చివరికి ఒకరోజు లోపలికి పిలిచి, వంటగదిలో కూర్చోబెట్టి, కూత ఎందుకు వస్తుందో చూపించాను. ఏదో పేలబోతోందని, ఇంట్లో పసిబిడ్డ ఉందని ఆవిడ భయపడుతున్నారని అప్పుడు గానీ నాకు తెలియలేదు. కాబట్టి మామూలు రోజు సాయంత్రం చూసుకుని, మీరిద్దరూ కిందికి వెళ్ళి గంట నొక్కండి. 'గూటెన్ ఆబెంట్' (శుభ సాయంత్రం) అని, మీ ఇంటిపేరు చెప్పి, పలక సంగతి మాకు తెలియలేదు, వచ్చే వారం మేము చేస్తాము అని చెప్పండి. ఈ నాలుగు మాటలూ జర్మన్‌లో కాగితం మీద రాసుకుని వెళ్ళినా పరవాలేదు. మాట్లాడేది మాత్రం మీ వారు కాకుండా మీరే అయితే మంచిది, ఎందుకంటే పగలంతా ఆ మెట్ల మీద ఎదురుపడేది మీరు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. అన్నం వార్చిన ఆవిరి, పోపు పొగ, ఇంట్లో ఆరేసిన బట్టల తడి, ఇవన్నీ గట్టిగా మూసిన కిటికీల మధ్య నిలిచిపోయి చలికాలంలో గోడమూలలకు నల్లటి బూజు పట్టిస్తాయి. చలి వేస్తోందని కిటికీ ఓరగా తెరిచి రోజంతా వదిలేస్తే గోడలు చల్లబడతాయే గానీ తడి పోదు. రోజుకు రెండు మూడుసార్లు, వంటయ్యాక తప్పనిసరిగా, కిటికీలు బార్లా తెరిచి అయిదు నుండి పది నిమిషాలు ఉంచి మూసేయాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బూజు కనిపిస్తే ఆ ఖర్చు మీ అడ్వాన్సులోంచి కోసుకుంటామంటారు. ఆ అడ్వాన్సు మూడు నెలల అసలు అద్దె దాకా ఉండవచ్చు కనుక, తేలికగా వదులుకోగల మొత్తం కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్ళు నిండాయి, సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేరింది. ఫాల్గుణంలో మా చెల్లెలి పెళ్ళి. మూడు వారాలు అందరమూ ఇండియా వెళ్ళాలనుకుంటున్నాం. ఒకటో తరగతే కదా అని టికెట్లు చూస్తున్నాను. ఇంకో మాట. పాప బడిలో నోరు విప్పడం లేదని టీచరు అంటున్నారు. ఇంట్లో తెలుగు మానేసి జర్మన్‌లో మాట్లాడమంటారా? – ఒక తండ్రి, సిండెల్‌ఫింగెన్

జవాబు: టికెట్లు కొనడం ఆపి, ముందు బడికి ఉత్తరం రాయండి. జర్మనీలో పిల్లవాణ్ణి బడికి పంపడం తల్లిదండ్రుల ఇష్టానికి వదిలిన విషయం కాదు, అది చట్టం. ఇంట్లో చదివించుకుంటామన్నా ఒప్పుకోరు. సెలవులు కాని రోజుల్లో అనుమతి లేకుండా పిల్లలను ఊరికి తీసుకువెళితే జరిమానా వేయవచ్చు. పక్క రాష్ట్రం బవేరియాలో సెలవులకు ముందు రోజుల్లో విమానాశ్రయాలలోనే పోలీసులు బడి ఈడు పిల్లల కుటుంబాలను ఆపి అడిగిన సందర్భాలున్నాయి. మన దగ్గర హెడ్మాస్టరుగారికి ఒక మాట చెప్పి వెళ్ళినట్టు అక్కడ కుదరదు.

అయితే దారి లేకపోలేదు. దగ్గరి బంధువుల పెళ్ళి, ఇంట్లో మరణం వంటి ముఖ్యమైన సొంత కారణాలకు ప్రధానోపాధ్యాయులు సెలవు మంజూరు చేయగలరు. కనీసం రెండు నెలల ముందు లిఖితపూర్వకంగా అడగండి. శుభలేఖ జత చేసి, పెళ్ళికూతురు మీకు సొంత చెల్లెలని, మన పెళ్ళిలో అన్నగా మీరు నిర్వహించవలసిన తంతు ఏమిటో రెండు వాక్యాలలో వివరించండి. మూడు వారాలు అడగవద్దు. పెళ్ళికి ముందూ వెనుకా కలిపి నాలుగైదు బడి రోజులు అడిగితే మన్నించే అవకాశం ఎక్కువ. ఆ రోజులు బడి సెలవులకు ఆనుకుని ఉంటే మాత్రం చవక టికెట్ల కోసమని అనుమానిస్తారు. ఇవ్వకపోతే మీరు ఒక్కరే వెళ్ళి రండి. చెల్లెలి మనసు నొచ్చుకుంటుందని నాకు తెలుసు, అయినా అదే మేలు. జులై చివర మొదలయ్యే ఆరు వారాల వేసవి సెలవుల్లో, ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చే వేళకు, పాపను తీసుకువెళ్ళి కొత్త దంపతులను చూపించవచ్చు.

తెలుగు మాత్రం దయచేసి మానవద్దు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. మీకూ, మీ ఇల్లాలికీ సరిగా రాని జర్మన్‌ను పాపతో మాట్లాడితే, ఆ అమ్మాయికి అందేది తప్పుల జర్మన్, పోయేది తల్లితో మనసు విప్పి మాట్లాడే భాష. ఇంటి భాషలో బాగా ఆలోచించగల పిల్లలు రెండో భాషను త్వరగా అందుకుంటారు. టీచర్లు కూడా సాధారణంగా ఇదే చెబుతారు. నోరు విప్పకపోవడం మొదటి నెలల్లో చాలామంది పిల్లల్లో కనిపించేదే. వాళ్ళు వింటూ పోగుచేసుకుంటూ ఉంటారు. జర్మన్ కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం మీ రాష్ట్రంలో సన్నాహక తరగతులున్నాయి. మీ బడిలో ఉందేమో, లేకపోతే అదనపు భాషా సహాయం ఇస్తారేమో అడగండి. మధ్యాహ్నాలు పాపను ఆటల క్లబ్బులో చేర్చండి. బంతి వెంట పరిగెత్తే పిల్లలు వ్యాకరణం కోసం ఆగరు.

ఎల్టర్న్‌ఆబెంట్ అనే తల్లిదండ్రుల సమావేశం రాత్రి ఏడింటికి పెడతారు. దానికి తప్పక వెళ్ళండి. ఎవరికి ఏ పుట్టినరోజు, ఎక్కడికి విహారయాత్ర, ఏ పిల్లకు ఏ తిండి పడదు అన్నవన్నీ అక్కడే తేలతాయి. నాలుగో తరగతి తరువాత పిల్లలు వేర్వేరు తరహా బడులకు విడిపోతారు. ఆ మలుపులో పాపకు సరైన బడి దొరకాలంటే, టీచరుతో మాట్లాడే అలవాటు మీకు ఒకటో తరగతిలోనే మొదలవ్వాలి.

ప్రశ్న: నెల తరువాత ఇద్దరు పిల్లలతో మా వారి దగ్గరికి వెళుతున్నాను. సామానులో ఏమి పెట్టుకోవాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: బియ్యం, పప్పులు పెద్ద ఊళ్ళలో ఆసియా దుకాణాలలో దొరుకుతాయి. బరువంతా కాగితాలకు, ఊరగాయలకు కేటాయించండి. పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, మీ చదువు పత్రాలు అసలువి తీసుకువెళ్ళండి. పిల్లల టీకాల పుస్తకం అన్నిటికంటే ముఖ్యం. 2020 మార్చి నుండి తట్టు టీకా (ఏడాది నిండితే ఒక మోతాదు, రెండేళ్ళు నిండితే రెండు) వేసినట్టు రుజువు చూపనిదే శిశు కేంద్రాలలో పిల్లలను చేర్చుకోరు, బడులలోనూ అదే రుజువు అడుగుతారు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు పెట్టుకోవద్దు. పాలు, మాంసంతో చేసినవేవీ బయటి దేశాల నుండి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. ధ్రువపత్రం లేకుండా పచ్చి కరివేపాకునూ రానివ్వరు. నీడన ఆరబెట్టి పొడి చేసుకోండి.

ఇల్లు చేరిన రెండు వారాలలోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఉత్తరాల పెట్టె మీద మీ పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు కూడా రాయించండి. మన ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరే పాస్‌పోర్టులో మిగిలి, పెట్టె మీద భర్త పేరు ఒక్కటే ఉంటే, బీమా కార్డు, పన్ను సంఖ్య వంటి ముఖ్యమైన ఉత్తరాలు తిరిగి వెళ్ళిపోతాయి. పిల్లల భత్యానికి ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టండి. 2025లో అది ఒక్కో బిడ్డకు నెలకు 255 యూరోలు. ఆలస్యంగా అడిగితే వెనకటి ఆరు నెలలకు మించి ఇవ్వరు.

ప్రశ్న: పోయిన ఏడాది మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాం. అందరూ పొద్దున్నే వెళ్ళిపోతే మేమిద్దరం గోడలు చూస్తూ కూర్చునేవాళ్ళం. మళ్ళీ రమ్మంటున్నాడు. మనవడి మీద ప్రేమ లాగుతోంది, ఆ ఒంటరితనం తలచుకుంటే వెళ్ళబుద్ధి కావడం లేదు. – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వెళ్ళండి, కానీ ఈసారి నవంబరులో కాకుండా ఏప్రిల్ తరువాత వెళ్ళండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగు ఉంటుంది. ఇల్లు అదే, ఊరు అదే, మీకు మాత్రం వేరే దేశంలా ఉంటుంది. సందర్శక వీసా మీద ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ 90 రోజులూ ఒకేసారి ఉండితీరాలని ఏమీ లేదు. ఆరు వారాలు చాలనిపిస్తే ఆరు వారాలకే రండి.

వీసాకు 30,000 యూరోల ప్రయాణ బీమా అడుగుతారు. పాత జబ్బులకు అది తరచుగా వర్తించదు కనుక, బీపీ, షుగరు మందులు ఉన్నన్ని రోజులకూ సరిపడా, డాక్టరు చీటీతో సహా తీసుకువెళ్ళండి. ప్రాణం మీదికి వస్తే 112కు, రాత్రివేళ డాక్టరు కావలసి వస్తే 116117కు ఫోను చేయాలి. ఈ రెండు అంకెలూ, ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించమని మీ అబ్బాయికి చెప్పండి. మనవణ్ణి శిశు కేంద్రం నుండి తీసుకువచ్చే పని మీకు అప్పగించమని అడగండి. అందుకు తల్లిదండ్రులు అక్కడ రాతపూర్వకంగా అనుమతి ఇస్తే చాలు. రోజూ ఒక గంటకు వెళ్ళవలసిన చోటు ఒకటి ఉంటే, గోడలు చూసే సమయం దానంతట అదే తగ్గుతుంది.

ప్రశ్న: నా భార్య గుంటూరులో జూనియర్ కాలేజీలో ఆరేళ్ళు రసాయన శాస్త్రం చెప్పింది. ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయింది. మాకు రెండేళ్ళ బాబు. ఈ మధ్య ప్రతి రాత్రీ వెళ్ళిపోదామంటుంది. నాకు ఆఫీసులో ఇంగ్లీషే సరిపోతోంది, జీతం బాగుంది, ఇక్కడే స్థిరపడాలని ఉంది. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి? – ఒక ఇంజినీరు, లియోన్‌బెర్గ్

జవాబు: బాబూ, నచ్చజెప్పవద్దు. మీ ఉత్తరంలోనే కారణం ఉంది. మీ ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది. ఆమె రోజంతా తిరిగే చోట్లలో, అంటే పిల్లల డాక్టరు దగ్గర, బేకరీలో, ఆటస్థలంలో, ఉత్తరాల పెట్టె ముందు, అది చాలదు. నిన్నటిదాకా అరవై మంది విద్యార్థుల ముందు నిలబడి గంట సేపు అనర్గళంగా మాట్లాడిన మనిషి, నేడు బాబుకు ఎన్ని రోజులుగా జ్వరమో చెప్పడానికి భర్త కోసం సాయంత్రం దాకా ఎదురుచూస్తోంది. ఆమె వెళ్ళిపోదామంటున్నది ఆ దేశం నుండి అని నాకు అనిపించడం లేదు, ఆ మూగతనం నుండి అని అనిపిస్తోంది. పైన వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ నాకు వినిపించింది ఇదే. పలక చదవలేకపోవడం, టీచరుతో మాట్లాడలేకపోవడం, పెట్టెలోని ఉత్తరం అర్థం కాకపోవడం, ఇవన్నీ ఒకే కష్టానికి వేర్వేరు రూపాలు. ఆ కష్టాన్ని ఇంట్లో ఒక్కరి మీద వదిలేసి కుటుంబం స్థిరపడదు.

మీది బ్లూ కార్డ్ (ఉన్నత చదువుల ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) అయితే, మీ భార్యకు భాషా పరీక్ష లేకుండానే వీసా ఇచ్చి ఉంటారు. అది సౌకర్యమే, కానీ దానివల్లనే మన ఆడపిల్లలు ఒక్క మాట రాకుండా అక్కడ దిగుతున్నారు. ఆ వీసాతో ఆమెకు మొదటి రోజు నుండే ఉద్యోగం చేసే హక్కు కూడా ఉందని మీరిద్దరూ గుర్తించారో లేదో. కుటుంబ వీసాపై వచ్చినవారికి సాధారణంగా ప్రభుత్వ సమైక్యతా కోర్సుకు అర్హత ఉంటుంది. అందులో 600 పాఠాల భాష, 100 పాఠాల దేశ పరిచయం ఉంటాయి, రోజువారీ మాటలకు సరిపడే బీ1 స్థాయి దాకా చేరుస్తారు. ఆమె వచ్చి ఏడాదిన్నర అయింది కనుక ఆ అర్హత ఇంకా ఉందో లేదో విదేశీయుల కార్యాలయంలో అడగండి. అది కుదరకపోతే, చాలా ఊళ్ళలో ఉండే ఫోక్స్‌హోహ్‌షూలె అనే ప్రజా విద్యాకేంద్రంలో సాయంత్రపు తరగతులుంటాయి.

తెలుగువారికి ఈ భాష మరీ అంత పరాయిది కాదని ఆమెకు చెప్పండి. ఇంగ్లీషువారిని తికమకపెట్టే 'డూ', 'జీ' తేడా మనకు పుట్టుకతో వచ్చిన నువ్వు, మీరు తేడాయే. రైలుపెట్టెల్లా సాగే ఆ పొడుగు మాటలు మన సమాసాలే. క్రాంకెన్ అంటే రోగులు, ఫెర్‌జిషెరుంగ్ అంటే బీమా, కలిపితే ఆరోగ్య బీమా. షష్ఠీ తత్పురుష అని విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. ఉపవాక్యాలలో క్రియ చివరికి పోవడం మనకు సహజం. రసాయన శాస్త్రం చెప్పినామెకు మరో ఆనందం కూడా ఉంది. హైడ్రోజన్‌ను వారు వాసర్‌ష్టోఫ్ అంటారు, అంటే నీటి పదార్థం. ఆక్సిజన్ జౌవర్‌ష్టోఫ్, అంటే ఆమ్ల పదార్థం. మన పాత పాఠ్యపుస్తకాలలో ఉదజని, ఆమ్లజని అని చదివాం కదా, అచ్చం అవే.

బాబు విషయానికి వస్తే, ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశు కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుండి ఉంది. చోట్లు తక్కువ, నిరీక్షణ ఎక్కువ, కనుక ఈ వారమే నగరపాలక సంస్థలో పేరు నమోదు చేయించండి. ఆ చోటు వచ్చేదాకా ఆమె చదువు ఆగకూడదు. అందుకు ఖర్చయ్యేది మీ సాయంత్రాలు. వారానికి రెండు రోజులు అయిదున్నరకు ఆఫీసు నుండి బయలుదేరతానని మీ మేనేజరుకు రేపే చెప్పండి. పిల్లల కోసం వెళతానంటే ఆ దేశంలో ఎవరూ తప్పు పట్టరు. ఆ రెండు రాత్రులూ బాబుకు అన్నం కలిపి పెట్టి నిద్రపుచ్చే పని మీది. ఆమె తొమ్మిదింటికి తరగతి నుండి తిరిగి వచ్చాక, వెళ్ళిపోదామా అన్న సంగతి ఆరు నెలలు ఎత్తకుండా, ఆ రోజు నేర్చుకున్న పది మాటలు మీకు చెప్పమని అడిగి నేర్చుకోండి. ఇంగ్లీషు సరిపోతోందని అంటున్నారు కనుక, ఆ మాటలు మీకూ రావనే అనుకుంటున్నాను.